మలుపులో ఇస్సాకు కుడికాలు

యానాం చరిత్ర రాసినవాళ్లు ఫ్రెంచివారి రాకతో మొదలుపెట్టి వారి పోకతో ముగిస్తారు. మధ్యలో బద్ద పెట్టి గీసినట్టున్న వీధుల గురించి ఒక పేరా, గోదావరి వరదల గురించి ఒక పేరా ఉంటాయి. ఇస్సాకు కుడికాలి గురించి మాత్రం ఎక్కడా ఒక్క వాక్యం కనబడదు. ఇది చిన్న లోపం కాదు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఊళ్లో ఏ మలుపు దగ్గరైనా, అతని బండి తిరగడానికి సరిగ్గా రెండు బారల ముందు ఆ కాలు ఫుట్‌రెస్టుని వదిలిపెట్టేది. మోకాలి దగ్గర కాస్త వంగి, నేలకి నాలుగంగుళాల ఎత్తున, గౌరవ వందనం స్వీకరిస్తున్నట్టు గాలిలో నిలబడేది. మలుపు పూర్తికాగానే ఏమీ ఎరగనట్టు స్వస్థానానికి చేరుకునేది. బండి కుడికి తిరిగినా కుడికాలే. ఎడమకి తిరిగినా కుడికాలే. ఈ కాలంలో ప్రభుత్వాలు మారాయి, పెట్రోలు ధర మారింది, ఇస్సాకు బండ్లు మూడు మారాయి. ఆ కాలు మాత్రం తన విధానం మార్చుకోలేదు.

ఈ ఆచారం పుట్టుక గురించి భిన్నాభిప్రాయాలు లేవు. తొంభై ఆరు నవంబరు తుఫాను వెళ్లాక నెల్లాళ్లు రోడ్ల మీద బురదే. అప్పటికి ఇస్సాకుకి ఇరవై మూడేళ్లు, ఊళ్లో ఒక డాక్టరు గారి దగ్గర కాంపౌండరు. డాక్టరు గారు తన బండి తాళం అతని చేతిలో పెట్టి, మందుల పెట్టె హ్యాండిల్‌కి ఎడమవైపు తగిలించి, దరియాలతిప్ప వెళ్లి జ్వరాలవాళ్లకి సెలైన్లు పెట్టి రమ్మన్నారు. బండి నడపడం వచ్చా అని ఆయన అడగలేదు. రాదని ఇతను చెప్పలేదు. మలుపు మలుపుకీ చక్రం జారుతోంది. ఎడమకాలికి మందుల పెట్టె అడ్డం. ఖాళీగా ఉన్నది కుడికాలు కాబట్టి, పడబోతే ఆపుకోవడానికి దాన్ని బయటికి పెట్టాడు. నెల తిరిగేసరికి బురద ఎండిపోయింది. పెట్టె వెనక సీటు మీదికి మారింది. ఈ సంగతులు కాలికి ఎవరూ చెప్పలేదు.

పర్యవసానాలు ముగ్గురి మీద పడ్డాయి. మొదటిది చెప్పుల మీద. ఇస్సాకు వేసుకునేవి రబ్బరు చెప్పులు. గాలిలోకి చాపిన కాలికి రబ్బరు చెప్పు ఎంతకని అంటిపెట్టుకుంటుంది. ఇంట్లో అటక మీద జత పోగొట్టుకున్న ఎడమకాలి చెప్పులు తొమ్మిది పోగయ్యాయి. దరియాలతిప్పకి తిరిగే మలుపులో టీకొట్టు నడిపే లక్ష్మి, తనకి దొరికిన కుడికాలి చెప్పుల్ని కొట్టు రాటకి తగిలించి ఉంచేది.

"ఇస్సాకన్నయ్యా, పొద్దున్న పడేసుకున్నది పట్టుకుపో. టీకొచ్చినోళ్లు అమ్మకానికి పెట్టేననుకుంటన్నారు," అనేది.

రెండోది బండి మీద. మెకానిక్ రాజేష్ ఒకసారి వెనక చక్రం విప్పి చాలాసేపు దానికేసి చూశాడు.

"బాబాయ్, నేను ఆరేళ్ల కిందట వేసిన బ్రేకు షూ, ఎలా వేసింది అలాగే ఉంది. ఈ బండికి వెనక బ్రేకుందని నీకు తెలుసా?"

"తెలుసురా. ఆపేటప్పుడు తొక్కుతాను."

"మరి మలుపులో?"

"మలుపులో కాలు ఖాళీ ఉండదు కదా."

రాజేష్ స్పానరు కింద పెట్టి టీ తాగడానికి వెళ్లిపోయాడు.

మూడోది ఇస్సాకు భార్య దీనమ్మ మీద. పదకొండేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున్న, ఇద్దరూ చర్చికి వెళ్తుండగా, లక్ష్మి టీకొట్టు మలుపులోనే ఒక మేక అడ్డొచ్చింది. వెనక బ్రేకు నొక్కాల్సిన కాలు గాలిలో ఉంది. కాబట్టి ఇస్సాకు చేతి బ్రేకు నొక్కాడు. హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు గట్టిగా నొక్కితే బండి ఏం చేస్తుందో అదే చేసింది, పక్కకి పడుకుంది. కుడికాలు తన కర్తవ్యం తాను నిర్వర్తించి ఇస్సాకుని నిలబెట్టింది. దీనమ్మని నిలబెట్టడానికి ఇంకో కాలు లేదు. ఆవిడ ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోయించుకున్న ఇసకలో కూలబడింది. లేచి, చీర దులుపుకుని, బైబిలు తీసుకుని, నడుచుకుంటూ చర్చికి పోయింది. ఆనాటి నుంచి ఆవిడ చర్చికి నడిచే వెళ్తోంది. ఇస్సాకు బండి మీద వెళ్తాడు. దారిలో ప్రతివాడూ ఆపి తన షుగరు గురించి అడుగుతాడు కాబట్టి ముందు ఆవిడే చేరుతుంది.

షుగరు గురించి ఇస్సాకునే అడగడానికి కారణముంది. డాక్టరు గారు పోయాక అతను ఊళ్లో ఒక ల్యాబులో చేరి, ఇళ్లకి వెళ్లి రక్తం శాంపిల్స్ తీసుకొచ్చే పనిలో స్థిరపడ్డాడు. పొద్దున్న అయిదున్నరకి బయల్దేరితే మెట్టకూరు, అడవిపొలం, దరియాలతిప్ప తిరిగి ఎనిమిదింటికి ల్యాబుకి చేరతాడు. సాయంత్రం రిపోర్టులు పట్టుకుని మళ్లీ అదే చుట్టు. ఎవరికి ఎడమచేతిలో నరం దొరుకుతుందో, ఎవరు సూది చూస్తే కళ్లు తిరిగి పడతారో, ఎవరు ముందురోజు పెళ్లిలో భోంచేసి పరగడుపే అని బొంకుతారో అతనికి తెలుసు. అడవిపొలంలో కనకదుర్గ గారనే డెబ్భయ్యొకటేళ్ల ముసలావిడ అతనికి తప్ప ఇంకెవరికీ చెయ్యి చాపదు.

ఇస్సాకుకి రెండు నియమాలున్నాయి. రిపోర్టు కవరు కింద పడకూడదు. ఎవరి రిపోర్టు ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకోవాలి. ఈ రెండూ ల్యాబు పెట్టినవి కావు, తను పెట్టుకున్నవి. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. చెప్పులు జారాయి గానీ కవరు జారలేదు.

ఇలా ఉండగా ల్యాబు యజమాని గోపాలకృష్ణ గారు ఒకరోజు అతన్ని పిలిచారు.

"ఇస్సాకు గారూ, మీ లైసెన్సు కాపీ ఒకటి కావాలండి. ఇన్సూరెన్సువాళ్లు అడుగుతున్నారు."

ఇస్సాకు పర్సులోంచి లైసెన్సు తీసిచ్చాడు. గోపాలకృష్ణ గారు దాన్ని కళ్లజోడు పెట్టుకుని చూశారు, కళ్లజోడు తీసి చూశారు.

"దీని గడువు అయిపోయి ఏడేళ్లయిందండి."

"దీనికి గడువుంటుందాండి?" అన్నాడు ఇస్సాకు, నిజంగానే ఆశ్చర్యపోయి. "మందులకే అనుకున్నానండి."

ఇంతకాలం దాటిపోయింది కాబట్టి మళ్లీ పరీక్షకి వెళ్లక తప్పదని తేలింది. గోపాలకృష్ణ గారు మంచిమనిషి. ఒకటో తారీకు లోపల లైసెన్సు వస్తే సరే, రాకపోతే ఇంకొకరిని బయటికి పంపిస్తాను, మీరు కౌంటర్లో కూర్చోండి, జీతం అదే, ఏసీ కూడా ఉంటుంది అన్నారు. ఎవరైనా అయితే దాన్ని ప్రమోషన్ అనుకునేవారు. ఇస్సాకు ఇంటికొచ్చి అన్నం కలుపుకుని, తినకుండా కూర్చున్నాడు.

"ఏసీలో కూచోమంటే ఏడుపేంటి?" అంది దీనమ్మ.

"పేరు, వయసు, పరగడుపేనా... రోజంతా అదేనంట. కనకదుర్గ గారు కొత్తోడికి చెయ్యి ఇవ్వదు. షుగరు ఎంతుందో తెలీకుండా పోద్ది ఆవిడ."

"అయితే పరీక్ష రాయి."

"రాసేది కాదది. ఎనిమిది వెయ్యాలి, బండితో. కాలు కింద ఆనకూడదు."

దీనమ్మ అతని ముఖం చూసింది. తర్వాత కుడికాలు చూసింది. మజ్జిగ తేవడానికి లేచింది.

మొదటి లైసెన్సు ఎలా వచ్చిందని అడగవచ్చు. ఆ రోజు వానపడి నేల జారుతోందని, తిన్నగా వెళ్లి తిన్నగా రమ్మన్నారని ఇస్సాకు చెబుతాడు. తిన్నని దారిలో అతన్ని తప్పుపట్టగలవాడు నేటికీ లేడు.

శిక్షణ బాధ్యత కూతురు ఎస్తేర్‌రాణి తీసుకుంది. మెట్టకూరులో టీచరు. కాకినాడలో ఆడవాళ్లకి బండి నేర్పేచోట నెల రోజులు నేర్చుకుని, ఇప్పుడు తండ్రికన్నా పెద్ద బండి మీద బడికి వెళ్లే మనిషి. దరియాలతిప్పలో తమ ఇంటిముందు చేపలు ఎండబెట్టుకునే ఖాళీ స్థలంలో కొబ్బరి డొక్కలు పేర్చి పెద్ద ఎనిమిది తయారు చేసింది. దీనమ్మ అరుగు మీద ఆకుకూర ఒలుచుకుంటూ కూర్చుంది.

"చూడు నాన్నా. ఎడంపాదం ముందు భాగం ఫుట్‌రెస్టు మీద ఆనాలి. వేళ్లు కిందకి వేలాడకూడదు, నేలకి రాసుకుంటాయి. కుడిపాదం బ్రేకు మీద ఉండాలి, మలుపంతా కొంచెం నొక్కి పట్టుకోవాలి. చేతి బ్రేకు ముట్టుకోవద్దు. క్లచ్ సగం, యాక్సిలరేటర్ ఒకేలా. మోకాళ్లు రెండూ ట్యాంకుని పట్టుకోవాలి."

"కుడిపాదం బ్రేకు మీదుంటే మరి పడితే?"

"పడకుండా ఉండడానికే అది అక్కడుండేది."

ఇస్సాకు ఈ వాదాన్ని మర్యాదగా విన్నాడు. కాలు వినలేదు.

ఎస్తేర్‌రాణి పట్టు వదల్లేదు. ఇంత నెమ్మదిగా తిరిగేటప్పుడు బండి ఎటు వాలితే మనిషి దానికి అవతలివైపు ఉండాలని చెప్పింది. బరువు బయటివైపు ఫుట్‌రెస్టు మీద వెయ్యమంది. ముందు చక్రం కేసి చూడొద్దు, వెళ్లబోయే డొక్క కేసి చూడమంది. ఇస్సాకు చూపు నేర్చుకుంది, నడుము నేర్చుకుంది, చేతులు నేర్చుకున్నాయి. యాభైరెండేళ్ల శరీరం మొత్తం ఒక ఒప్పందానికి వచ్చింది, ఒక్క అవయవం తప్ప. మొదటి వంపు రాగానే అది బయటికొచ్చి కొబ్బరి డొక్కల్ని తన్నుకుంటూ పోయింది.

"డొక్కలు పోగెయ్యడానికి బాగుంది," అంది దీనమ్మ అరుగు మీంచి.

రెండోరోజు ఎస్తేర్‌రాణి ల్యాబు కవర్ల కట్టలోంచి ఒక ఖాళీ కవరు తీసి, తండ్రి కుడిమోకాలికీ ట్యాంకుకీ మధ్య పెట్టింది. కాకినాడలో వాళ్లకి ఇలాగే కాగితం పెట్టి నేర్పారు. మోకాలు వదిలితే కవరు పడుతుంది, అంతే లెక్క. ఆ రోజు కవరు పద్నాలుగుసార్లు పడింది. మూడోరోజు పదిహేను. ఇస్సాకు ప్రతిసారీ దిగి, కవరు దులిపి, కూతురి చేతికిచ్చి, మళ్లీ ఎక్కేవాడు. పరీక్ష ఇంకో మూడు రోజులుంది.

నాలుగోరోజు సాయంత్రం ఖాళీ కవర్లు నలిగి ముద్దయిపోయాయి. ఎస్తేర్‌రాణి, తండ్రి హెల్మెట్ పెట్టుకునే లోపల, అతని సంచిలోంచి చేతికందిన కవరు తీసి మోకాలి కింద దూర్చింది. ఇస్సాకు బండి కదిపి, మొదటి వంపు కేసి పోతూ కిందికి చూశాడు. కవరు మీద కనకదుర్గ, 71, అడవిపొలం అని ఉంది.

"ఏమ్మా, ఇది నిజం రిపోర్టు," అన్నాడు.

"ఆపకు నాన్నా. ముందుకి చూడు."

ఆపడానికి వీల్లేదు. ఆగితే కాలు దించాలి, దించితే కనకదుర్గ గారు నేల మీద, చేప పొలుసుల మీద. ఇస్సాకు మోకాలు ట్యాంకుకి అతుక్కుపోయింది. మొదటి వంపు తిరిగింది. రెండో వంపు తిరిగింది. పాదం బ్రేకు మీద అణిగిమణిగి కూర్చుంది. ఎనిమిది పూర్తయింది. ఇస్సాకుకి ఎలా ఆపాలో తోచక ఇంకో ఎనిమిది వేశాడు.

అరుగు మీద దీనమ్మ చేతిలో తోటకూర కాడ అలాగే ఉండిపోయింది.

దిగాక ఇస్సాకు కూతుర్ని కోప్పడ్డాడు. ఒకరి ఒంట్లో ఏముందో రాసున్న కాగితం అది, దాంతో ఆటలేంటి అన్నాడు. అని, కవరు రెండుసార్లు తుడిచి, చీకటి పడకముందే అడవిపొలం వెళ్లి ఇచ్చేసి వచ్చాడు. వెళ్లేటప్పుడు ఖాళీ మోకాలితో వెళ్లాడు కాబట్టి చెప్పు లక్ష్మి కొట్టు దగ్గర జారిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర సమస్య స్పష్టంగా బయటపడింది. పరీక్ష శుక్రవారం పొద్దున్న. రిపోర్టులు వచ్చేది సాయంత్రాలు. ఏ రిపోర్టూ అతని దగ్గర రాత్రి ఉండకూడదు, అది నియమం. అంటే శుక్రవారం పొద్దున్న ఇస్సాకు చేతిలో ఒక్క రిపోర్టు కూడా ఉండదు.

"ఖాళీ కవరు మీద ఎవరిదో పేరు రాసి పెడదాం," అంది ఎస్తేర్‌రాణి.

"కాలికి తెలిసిపోద్ది," అన్నాడు ఇస్సాకు. ఎవరూ నవ్వలేదు. అప్పటికి ఆ ఇంట్లో అందరూ ఆ కాలిని నలుగురిలో ఒకరుగానే లెక్కేస్తున్నారు.

గురువారం పొద్దున్న అయిదింటికి ఇస్సాకు సూదులు, ట్యూబులు సర్దుకుంటుంటే దీనమ్మ వచ్చి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎడమచెయ్యి చాపింది.

"తియ్యి."

ఇస్సాకు తొమ్మిదేళ్లుగా అడుగుతున్నాడు, ఒక్కసారి పరీక్ష చేయించుకోమని. ఈమధ్య చర్చికి నడిచేటప్పుడు ఆవిడ దారిలో రెండుచోట్ల ఆగుతోందని కూడా చెప్పాడు. రోజూ నా రక్తం తాగుతూనే ఉన్నావుగా, మళ్లీ సూదెందుకు అనేది. ఇప్పుడు చెయ్యి ముందుంటే అతనికి నరం కనబడలేదు. ఊరందరి నరాలూ దొరికిన మనిషికి కట్టుకున్నదాని నరం వెతకడానికి రెండు నిమిషాలు పట్టింది.

"పరగడుపేనా?" అన్నాడు, అలవాటు కొద్దీ.

"టీ కూడా తాగలేదు. ఊఁ, కానియ్యి. నా రిపోర్టయితే ఈ ఇంట్లోనే పడుకోవాలి కదా. నీ నియమం ఎక్కడికీ పోదు."

సాయంత్రం కవరు వచ్చింది. దీనమ్మ, 48, దరియాలతిప్ప. ఎస్తేర్‌రాణి చింపబోతే తల్లి లాక్కుంది.

"రేపు ఎనిమిది వేశాక విప్పండి. ఏముందో ముందే తెలిసిపోతే మీ నాన్న కాలికి భయం పోద్ది."

ఆ కవరు బైబిల్లో పడుకుంది. ఇస్సాకు పడుకున్నాడు గానీ నిద్రపోలేదు.

శుక్రవారం అతను చర్చికి వేసుకునే బూట్లు వేసుకున్నాడు. తల్లీకూతుళ్లు వెనకాల ఎస్తేర్‌రాణి బండి మీద వచ్చారు. పరీక్ష జరిగే మైదానంలో సున్నంతో ఎనిమిది గీసి ఉంది, కొబ్బరి డొక్కల దానికన్నా చిన్నదిగా కనిపించింది. పేరు పిలిచారు. ఇస్సాకు బండెక్కి, జేబులోంచి కవరు తీసి, మోకాలి కింద పెట్టుకుని, సర్దుకున్నాడు. ఇన్‌స్పెక్టరు దగ్గరికొచ్చారు.

"ఏంటండీ అది?"

"మా ఆవిడ రక్తం రిపోర్టండి."

"ఇక్కడెందుకు?"

"పడకుండానండి."

"రిపోర్టా, మీరా?"

ఇస్సాకు ఆలోచించాడు. "ఇద్దరమండి," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు కవరుని, మనిషిని, దూరంగా కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడ్డ దీనమ్మని చూశారు. అభ్యర్థి మోకాలి కింద భార్య రిపోర్టు ఉండకూడదని ఆయన చదువుకున్న నిబంధనల్లో ఎక్కడా లేనట్టుంది.

"కానివ్వండి," అన్నారు.

బండి కదిలింది. చూపు అవతలి వంపు మీద, నడుము బయటివైపు, బరువు ఎడమ ఫుట్‌రెస్టు మీద. మొదటి వంపు ఏ చరిత్రా లేకుండా తిరిగిపోయింది. రెండో వంపు మధ్యలో బండి కాస్త తడబడింది. కుడిమడమ ఫుట్‌రెస్టు మీంచి ఒక్క అంగుళం లేచింది. ఎస్తేర్‌రాణి కళ్లు మూసుకుంది. దీనమ్మ మూసుకోలేదు. కవరు అంచు ట్యాంకు మీద జారి, జారి, ఆగింది. మడమ దిగింది. బ్రేకు నొక్కుకుంది, బండి నిలదొక్కుకుని వంపు పూర్తిచేసి, గీత దగ్గరికొచ్చి ఆగింది. ఆగాకే కాలు కింద ఆనింది.

"అయిపోయిందండి," అన్నారు ఇన్‌స్పెక్టరు.

"పాసాండి, ఫెయిలాండి?"

"పాసే. ఆ కవరు తీసి లోపల పెట్టుకోండి, గాలికి పోద్ది."

ఇస్సాకు దిగి నడవబోతే మోకాలు వంగలేదు. నెమ్మదిగా వచ్చి కవరు కూతురి చేతికిచ్చాడు. ఎస్తేర్‌రాణి గోడ నీడలోకి పోయి చింపి, పైనుంచి కిందిదాకా చదివింది. దీనమ్మ ఎటో చూస్తూ నిలబడింది.

"షుగరు లేదు. థైరాయిడ్ లేదు. కిడ్నీ బాగుంది. ఒక్క హిమోగ్లోబిన్ తక్కువుంది, పదీ పాయింట్ రెండు. అందుకే నడిస్తే ఆయాసం. మాత్రలు వాడితే సరిపోద్ది నాన్నా, కదా?"

ఇస్సాకు కాగితం తీసుకుని తనూ చదివాడు. తొమ్మిదేళ్లలో కొన్ని వేల రిపోర్టులు ఇచ్చి, కంగారుపడొద్దండి అని కొన్ని వేలసార్లు చెప్పిన మనిషికి ఆ మాట తనకి చెప్పుకోవడం చేతకాలేదు. బండి మీద కూర్చుని హెల్మెట్ తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఇంతేనా," అంది దీనమ్మ. "దీనికా నేను టీ మానేశాను."

తర్వాత ఎస్తేర్‌రాణి బడికి వెళ్లాలని గుర్తొచ్చింది. అమ్మని ఇంటిదగ్గర దింపి వెళ్తానంది. దీనమ్మ అక్కర్లేదంది. పదకొండేళ్ల తర్వాత మొదటిసారి మొగుడి బండి వెనక ఎక్కి, పక్కకి కూర్చుని, రిపోర్టు రవికలో పెట్టుకుంది.

"మాత్రలు మొదలెట్టేదాకా నడవొద్దన్నావు కదా, పోనియ్యి," అంది. నడవొద్దని ఎవరూ అనలేదు. ఇస్సాకు ఆ సంగతి ఎత్తలేదు.

ఊరు దాటి దరియాలతిప్ప మలుపు దగ్గరికొచ్చారు. లక్ష్మి టీ వంచుతున్నదల్లా గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. దీనమ్మ ఒక చేత్తో సీటు వెనక కడ్డీ, ఇంకో చేత్తో మొగుడి చొక్కా పట్టుకుని, కిందికి వంగి కుడికాలి కేసి చూసింది. మోకాలి కింద ఏ కవరూ లేదు. రెండు బారల దూరంలో మడమ కొద్దిగా కదిలింది. అక్కడే ఆగింది. బండి తిరిగింది.

"ఏమైంది?" అంది దీనమ్మ.

"ఏం కాలేదు," అన్నాడు ఇస్సాకు.

ఒకప్పుడు బురదలో జారిన ఆ మలుపుకి సిమెంటు రోడ్డు వేసి ఇరవై రెండేళ్లయింది.